నాయన లెక్క, అమ్మ లెక్క

మీ తబేలాలో బర్రెలెన్ని అని ఎవరైనా అడిగితే మా ఇంట్లో రెండు జవాబులు వచ్చేవి. నాయన పాలిచ్చేవాటిని మాత్రమే లెక్కబెట్టి 14 అనేవాడు. అమ్మ మాత్రం వట్టిపోయినవాటిని, చూడివాటిని, ఇంకా ఈత ఎరగని పడ్డలను, దుడ్డెలను, ఇబ్రహీంపట్నం అవతల తన పుట్టింటివాళ్ళ దగ్గర సగం వాటాకు మేతకు వదిలినవాటిని కూడా కలిపి 31 అనేది. ఇద్దరూ అబద్ధం చెప్పేవారు కాదు. నాయన లెక్క ఇవాళ్టి పాలది, అమ్మ లెక్క నాలుగేళ్ళ తర్వాతి పాలది.

పట్నం తబేలాల్లో చాలామంది నడిపే పద్ధతి వేరు. ఈనిన బర్రెను దుడ్డెతో సహా కొనుక్కొస్తారు, పాలిచ్చినన్నాళ్ళు మేపుతారు, వట్టిపోగానే అంగడికి తోలి, వచ్చిన సొమ్ముకు మరికొంత కలిపి మరో ఈనిన బర్రెను తెచ్చుకుంటారు. అది తప్పని నేననను. మోపు గడ్డికి కూడా డబ్బు పెట్టవలసిన చోట, పాలివ్వని పశువును నెలల తరబడి నిలబెట్టి మేపడం అందరి వల్లా అయ్యే పని కాదు. నాయన కూడా పెళ్ళికి ముందు ఆ పద్ధతిలోనే నడిపాడు, నార్సింగి అంగడికి వారం వారం వెళ్ళేవాడు. అమ్మ కాపురానికి వచ్చాక, తబేలాలో పుట్టిన ఆడ దుడ్డెను అమ్మేది లేదని పట్టుబట్టింది. దుడ్డె పెరిగి, చూడి కట్టి, పది నెలలు మోసి మొదటిసారి ఈనడానికి మూడున్నర, నాలుగేళ్ళు పడుతుంది. అన్నాళ్ళు దాణా పెట్టి ఎదురుచూడడమంటే నాయనకు చేతులు కాలినట్టుండేదట. "నీ అక్కరకు వచ్చే బర్రె ఇంకా పుట్టనే లేదు, దానికిప్పుడే దాణా పెట్టుమంటవు" అని విసుక్కునేవాడని నాయనమ్మ చెప్పేది. నాకు ఊహ తెలిసేనాటికి ఆ వాదన ముగిసిపోయింది. మా కొట్టంలో ఉన్నవాటిలో సగానికి పైగా అమ్మ పెంచిన దుడ్డెల సంతానమే.

మా తబేలా గోల్నాకలో, నాలాకు కొంచెం ఎగువన ఉండేది. దాన్ని మొదలుపెట్టింది మా ముత్తాత. ఆయన ముందు చాదర్‌ఘాట్ వైపు, మూసీ ఒడ్డున నాలుగు బర్రెలతో ఉండేవాడనీ, 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో అన్నీ కొట్టుకుపోతే కట్టుబట్టలతో మిగిలాడనీ తాత చెప్పేవాడు. ఆ వరద తర్వాతే పైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టి నదికి పగ్గం వేశారు. వరదకు భయపడి నదిని విడిచిన మనిషి మళ్ళీ నదికి కూతవేటు దూరంలోనే కొట్టం ఎందుకు వేశాడని చిన్నప్పుడు అడిగితే, తాత నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "గడ్డి ఆడనే ఉంటది గద బిడ్డా" అన్నాడు. నిజమే. మా కాలం వచ్చేసరికి అంబర్‌పేట దాటి ఉప్పల్, పీర్జాదిగూడ వైపు మూసీ పొడవునా పట్నం మురుగునీళ్ళతో పెరిగే పారా గడ్డి తబేలాలకు ఆధారమైంది. కోసిన కొద్దీ పెరిగే ఆ గడ్డి మోపులు తెల్లవారకముందే ఆటో ట్రాలీల్లో వచ్చేవి. ఆ నీళ్ళ సంగతి తెలిసిన అమ్మ, మోపు విప్పి వాసన చూడనిదే బర్రెల ముందు వేయనిచ్చేది కాదు. ఏ మోపు వెనక్కి పంపినా గడ్డి అమ్మేవాడు నాయనతో గొడవపడేవాడు కానీ అమ్మతో పడేవాడు కాదు.

వాళ్ళిద్దరి మధ్య పని ఎవరూ పంచింది కాదు, ఏళ్ళ మీద దానంతటదే పంచుకుంది. తెల్లవారుజామున మూడు గంటలకు ఇద్దరూ లేచేవారు. నాయన పెండ ఎత్తి, రాళ్ళు కడిగి, నానబెట్టిన పత్తిగింజల చెక్కలో గోధుమ పొట్టు, కంది పొట్టు కలిపి తొట్లలో పోసేవాడు. అమ్మ దుడ్డెలను ఒక్కొక్కటిగా విడిచి, కాసేపు తాగనిచ్చి, పక్కకు లాగి కట్టేది. తర్వాత ఇద్దరూ చెరో వరుసలో కూర్చుని పాలు పిండేవారు. నాయన బొటనవేలు లోపలికి మడిచి, దాని కణుపుతో చన్నును నొక్కి పిండేవాడు, అది తొందరగా అవుతుంది. అమ్మ పిడికిలి నిండా పట్టి, వేళ్ళు పైనుంచి కిందికి ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటూ పిండేది. నారాయణగూడ పశువుల దవాఖానా నుంచి సూది వేయడానికి వచ్చిన డాక్టరు ఒకసారి నాయన పక్కన నిలబడి చూసి, అలా పిండితే చన్ను లోపల గాయమై పొదుగువాపు వస్తుందని, ఆవిడను చూసి నేర్చుకొమ్మని అన్నాడు. నాయన ఆ రోజంతా ఆ డాక్టరును తిడుతూనే ఉన్నాడు.

పాలు పోయడం మాత్రం నాయన పని. కళ్ళ ముందు పిండించుకుని తీసుకుపోయే ఖాతాలవాళ్ళు స్టీలు చెంబులు పట్టుకుని వరుసగా నిలబడితే, పిండబోయే ముందు ఖాళీ బకెట్‌ను బోర్లించి, అడుగున చేత్తో చప్పుడు చేసి చూపించేవాడు. ఎవరూ అడగకపోయినా చూపించేవాడు. ఇరవై ఏళ్ళుగా వస్తున్న టీచరుగారికి కూడా చూపించేవాడు. ఆ తర్వాత ఎం-ఎయిటీ బండికి రెండు వైపులా క్యాన్లు తగిలించుకుని నల్లకుంట, విద్యానగర్, తిలక్‌నగర్ ఇళ్ళకు, చివర్లో రెండు ఇరానీ హోటళ్ళకు వెళ్ళేవాడు. హోటలువాళ్ళకు నురుగుతో, కొలతతో పని లేదు, పాలు గంటల తరబడి మరిగాక చిక్కగా నిలబడాలి, అంతే. బర్రె పాలు తప్ప మరేవీ ఆ చాయ్‌కి నిలవవని ఆ హోటలు యజమాని నాయనతో అన్న మాట మా ఇంట్లో పండుగ ముచ్చటలా చాలాకాలం నడిచింది.

లెక్కలు నావి. అమ్మకు చదువు రాదు, నాయనకు ఓపిక లేదు. ప్రతి ఇంట్లో వంటగది తలుపు వెనుక వేలాడే క్యాలెండరు మీద పాలు పోయని రోజున గుండ్రంగా చుట్టేవారు. దాన్ని నాగా అంటారు. ఊరికి వెళ్ళామనో, ఇంట్లో ఎవరూ లేరనో ఖాతాదారులే నాగా పెట్టేవారు. నెల చివర నేను సైకిల్ మీద వెళ్ళి ఇంటింటి క్యాలెండరు చూసి నాగాలు తీసేసి డబ్బులు రాసుకొచ్చేదాన్ని. ఏ ఇంట్లో ఎన్ని నాగాలో నేను చెప్పకముందే అమ్మ చెప్పేది. మా వైపు నుంచి నాగా అన్నది ఉండేది కాదు. తాత పోయిన రోజున కూడా నాయన పాలు పిండి, తెలిసిన పిల్లవాడితో ఇళ్ళకు పంపించి, ఆ తర్వాతే శవం పక్కన కూర్చున్నాడు.

అది తప్పింది 2000 ఆగస్టులో. 24వ తేదీ వరకు కురిసిన వానకు పట్నంలో ఒక్కరోజులోనే 24 సెంటీమీటర్లు పడిందని తర్వాత పేపర్లలో చదివాము. హుస్సేన్‌సాగర్ నుంచి వచ్చే నాలా మా పక్కనుంచే పోయి మూసీలో కలుస్తుంది. నాకప్పుడు 12 ఏళ్ళు. రాత్రి ఏ వేళప్పుడో బర్రెలన్నీ ఒక్కసారిగా అరవడంతో లేచాము. గుమ్మంలో కాలు పెడితే నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. నాయన కొడవలి తీసుకుని పలుపులు కోస్తుంటే, "అన్నిటిని ఒక్కపారి ఇడువకు, బొల్లిని ముందుగాల తోలు, అన్నీ దాని ఎంబడి వస్తయ్" అని అమ్మ అరిచింది. బొల్లి అంటే నొసట తెల్లమచ్చ ఉన్న బర్రె, అమ్మ పెంచిన మొదటి దుడ్డెకు మనుమరాలు. బర్రె ఈదగలదు, దానికి నీళ్ళంటే భయం లేదు, కానీ చీకట్లో ఎటు పోవాలో తెలియదు. నాయన బొల్లి కొమ్ము పట్టుకుని గల్లీ ఎగువకు నడిపిస్తే, మిగిలినవి నిజంగానే ఒకదాని వెనక ఒకటి మెడలు చాచి వెళ్ళాయి. పెద్ద రోడ్డు పక్కన ఎత్తు మీద ఉన్న ఫంక్షన్ హాలు ముందర అన్నిటినీ నిలబెట్టాడు.

అమ్మ దుడ్డెల వైపు వెళ్ళింది. అవి కొట్టం చివర, అన్నిటికంటే పల్లపు మూలలో ఉండేవి. నేను గట్టు మీద నిలబడి టార్చిలైటు పట్టుకున్నాను. ఒక్కొక్క దుడ్డెను చంకల కింద చేయి వేసి ఎత్తి గట్టు మీదికి తోసింది. అలా మూడింటిని తోసింది. నాలుగోది బొల్లి దుడ్డె, రెండు నెలలది. దాన్ని పట్టుకుని వస్తుండగా కడగడంతో నున్నబడ్డ రాతి మీద అమ్మ కాలు జారింది. కుడిచేయి కింద పెట్టి పడింది. నేను వేసిన వెలుతురులో దుడ్డె తల ఒకసారి పైకి కనిపించి, అడ్డగోడ కూలిన సందులోంచి నాలా వైపు పోయింది. అది అరవను కూడా లేదు. ఆ టార్చిలైటును నేను ఇంకొంచెం కుడికి తిప్పి ఉంటే అని చాలా ఏళ్ళు అనుకునేదాన్ని. ఒకసారి అమ్మతో అంటే, లైటు ఏం చేస్తుంది, రాయి నున్నగా అయిందని నెల రోజులుగా చెబుతున్నా మీ నాయన గరుకు చేయించలేదు అని కొట్టిపారేసింది.

మర్నాడు బురదలో నడిచి కొందరు ఖాతాదారులు వచ్చారు. పాల కోసం కాదు, దుప్పట్లు, వండిన అన్నం తెచ్చారు. అమ్మ చేతికి పిండికట్టు పడింది, ఆరు వారాలు కదపకూడదన్నారు. ఆ నెలాఖరున నేను లెక్కలకు వెళ్ళబోతుంటే అమ్మ పిలిచి, ప్రతి ఇంటి క్యాలెండరు మీద ఆ తేదీకి నా చేత్తో నేనే చుట్టి రమ్మంది. వాళ్ళెవరూ ఆ రోజు డబ్బు తగ్గించమని అడగరని చెప్పాను. "వాళ్ళు అడిగేదేంది, పోయనినాడు నాగనే" అంది.

అసలు కష్టం బొల్లితో వచ్చింది. ఆవుకైతే పొదుగులో కొన్ని పాలు ముందే దిగి ఉంటాయి, కాస్త నొక్కితే ఆ కొన్నయినా వస్తాయి. బర్రెకు అలా కాదు, పాలు దాదాపు అన్నీ పొదుగు పై భాగంలోనే ఉండిపోతాయి, అది చేపితేనే, అంటే తనంతట తాను పాలు వదిలితేనే చన్నుల్లోకి దిగుతాయి. బెదిరినా, కొత్త మనిషి కూర్చున్నా, దుడ్డె కనబడకపోయినా చేపదు. బొల్లికి దుడ్డె లేదు, అలవాటైన చేయీ లేదు. నాయన కూర్చుంటే కాలు ఝాడించి బకెట్ తన్నేసింది. మూడు రోజులకు పొదుగు రాయిలా గట్టిపడింది. అలాగే వదిలేస్తే పొదుగువాపు వస్తుంది, ఒక్కోసారి చన్నే పోతుంది. ఇలాంటప్పుడు చచ్చిన దుడ్డె తోలులో గడ్డి కూరి ముందర నిలబెట్టడం కొందరు చేసేవారు. మాకు ఆ తోలు కూడా దొరకలేదు, దొరికినా అమ్మ ఒప్పుకునేది కాదు. పక్క తబేలా ఆయన వచ్చి ఇంజెక్షన్ చిన్న సీసా ఒకటి నాయన చేతిలో పెట్టి, వేసిన నిమిషానికల్లా దానంతటదే దిగుతుందన్నాడు. అది ఆక్సిటోసిన్. పూటపూటకూ దానితోనే పిండే తబేలాలు అప్పటికే చాలా ఉండేవి. నాయన ఆ సీసాను చాలాసేపు అరచేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. ఒక్కసారికి వేస్తే ఏమవుతుందని అడిగాడు. అమ్మ జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్ళి, తాను రోజూ తబేలాలోకి కట్టుకునే పాత పచ్చచీరను, వరద తర్వాత ఉతక్కుండా పక్కన పడేసిన దాన్ని, ఎడమచేత్తో తెచ్చి ఆయన ఒళ్ళో వేసింది.

పల్లెల్లో మగవాళ్ళు భార్య చీర కప్పుకుని పాలు పిండుకోవడం కొత్త కాదు. కానీ మా నాయన సదర్ నాడు తలపాగా చుట్టుకుని, దున్న పగ్గం పట్టుకుని నారాయణగూడ చౌరస్తాలో నడిచే మనిషి. దీపావళి అయిన రెండోనాడు జరిగే ఆ పండుగ కోసం మా దున్నకు నెల రోజుల ముందునుంచే నూనె మర్దన చేసి, ఒళ్ళంతా గొరిగి, కొమ్ములకు రంగు వేసి, మెడలో గవ్వల దండలు, కాళ్ళకు గజ్జెలు కట్టేవాడు. తీన్‌మార్ దరువుకు అది ముందరి కాళ్ళెత్తి లేస్తే ఆయన ముఖం చూడాలి. ఇప్పుడు హర్యానా నుంచి తెచ్చిన ముర్రా దున్నలకు కోట్ల ధర పలికిందని టీవీల్లో చెబుతుంటే నాకు వినబుద్ధి కాదు, అవి తబేలాల్లో ఉండే జీవాల్లా కనబడవు. సదర్ రాత్రి గడిచి ఆయన తెల్లవారుజామున తిరిగి వచ్చేసరికి అమ్మ ఒక్కతే రెండు వరుసలూ పిండి క్యాన్లు నింపి ఉంచేది. సదర్‌కు ఆమె ఒక్కసారి కూడా రాలేదు. ఆయన తెచ్చి గేటుకు తగిలించిన పూలదండను మధ్యాహ్నానికి ఏదో ఒక బర్రె తినేసేది.

అటువంటి మనిషి తబేలా రేకు తలుపు మూసి, లోపల గొళ్ళెం పెట్టి, పచ్చచీరను తలమీదుగా కప్పుకుని బొల్లి పక్కన కూర్చున్నాడు. నన్ను బయటికి పొమ్మన్నాడు కానీ నేను గోలెం వెనక నక్కాను. అమ్మ ఆయన పక్కనే రాయి మీద కూర్చుని, ఎడమచేతి గాజులు చప్పుడయ్యేలా బొల్లి మెడ నిమురుతూ, రోజూ పిండేటప్పుడు గొణిగే మాటలే గొణిగింది. "బొటనవేలు మడువకు," అంది మధ్యలో, గొంతు మార్చకుండా. "మడుస్తలేను." "మడుస్తున్నవ్. అది నా చెయ్యి గాదని దానికి ఎర్కైతది." బొల్లి వెనక్కి తిరిగి చీరను వాసన చూసింది. ముక్కుతో దాన్ని ఒకసారి తోసింది. కాలు ఎత్తి, మళ్ళీ దించింది. మొదటి పూట పావులీటరు కూడా రాలేదు. రెండో రోజు సాయంత్రం ఖాళీ బకెట్ అడుగున సన్నని ధార పడ్డ చప్పుడు వినిపించింది, తర్వాత ఆ చప్పుడు మెత్తబడింది, అంటే అడుగున పాలు నిలిచాయన్న మాట. నాయన తల ఎత్తలేదు. చీర కొంగు కిందనుంచి ఆయన భుజాలు కదలడం మాత్రం కనిపించింది. అది పిండడం వల్లనో, మరెందువల్లనో నాకు తెలియదు. అమ్మ గాజుల చప్పుడు ఆపలేదు.

కట్టు విప్పాక కూడా అమ్మ మణికట్టు పూర్తిగా తిరగలేదు. రెండు వరుసలూ నాయనే పిండడం మొదలుపెట్టాడు, పిడికిలి నిండా పట్టి. దవాఖానా డాక్టరు మళ్ళీ వచ్చినప్పుడు ఆ సంగతి గమనించి ఏదో అనబోతే, గాలికుంటు టీకాలు ఎన్నడు వేస్తరని నాయన మాట మార్చాడు. ఆ ఇంజెక్షన్ సీసా ఏమైందో నాకు తెలియదు. పచ్చచీర మాత్రం తబేలా గుంజకు వేలాడుతూ ఉండేది.

తర్వాతి కథ ఆ చుట్టుపక్కల తబేలాలన్నిటిదీ ఒక్కటే. ఎదురుగా అపార్ట్‌మెంటు వచ్చింది, వాసన అన్నారు, దోమలన్నారు, పాలు మా దగ్గరే కొనుక్కుంటూ ఫిర్యాదులు రాశారు. తమ్ముడు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వద్దన్నప్పుడు నాయన సంతోషించాడో దుఃఖించాడో చెప్పలేను. 2009లో గోల్నాక జాగా ఇచ్చేసి ఘట్‌కేసర్ అవతలికి, ఇప్పటి ఔటర్ రింగు రోడ్డు దాటి వెళ్ళారు. లారీ ఎక్కించేటప్పుడు ముందు ఎవరిని ఎక్కించాలన్న చర్చే రాలేదు, బొల్లి మనుమరాలిని ఎక్కించారు, మిగిలినవి ఎక్కాయి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు హోటళ్ళన్నీ మూతపడి, పోసే చోటు లేక పాలు మిగిలిపోతే, మరదలు మీగడ తీసి నెయ్యి కాచి ఫోనులోనే అమ్మింది. ఇప్పుడు తబేలాను తమ్ముడూ మరదలూ నడుపుతారు. పాలు పిండే మిషను వచ్చింది, ఏ బర్రె ఎప్పుడు ఎదకు వచ్చింది, ఎప్పుడు సూది వేయించారు, ఎప్పుడు ఈనాలి అన్నదంతా తమ్ముడు ఫోనులో రాసి పెడతాడు. ఎన్ని బర్రెలని అడిగితే పెద్దవీ చిన్నవీ కలిపే చెబుతాడు. అది ఎవరి లెక్కో నాయన గమనించాడు కానీ ఏమీ అనడు.

మొన్న సంక్రాంతికి వెళ్ళాను. సాయంత్రం అమ్మ కర్ర పట్టుకుని కొట్టంలో చివరిదాకా నడిచి, మొదటి ఈత మీదున్న ఒక పడ్డ దగ్గర ఆగింది. వంకర మణికట్టుతోనే దాని తోక మొదట రెండు పక్కలా నొక్కి చూసింది, అక్కడ గుంతలు పడి మెత్తగా ఉన్నాయి. వంగి చన్నులు చూసింది. "ఇయ్యాల రాత్రే ఈంతది," అంది. తమ్ముడు ఫోను తీసి చూసి, "ఇంక ఐదు రోజులున్నదమ్మా," అన్నాడు. అమ్మ వాదించలేదు. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న నాయన, ఎవరూ ఏమీ చెప్పకముందే లేచి, పొయ్యి మీద వేడినీళ్ళు పెట్టడానికి వెళ్ళాడు.